పుట్టలేని బిడ్డ ఏ గ్రూపు?

"తండ్రి రక్తం గ్రూపు 'ఓ', తల్లిది 'ఏ'. వీళ్లకు పుట్టే అవకాశం లేని బిడ్డ ఏ గ్రూపు?"

హన్మకొండలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడం మొదలుపెట్టి నాకు 19 ఏళ్లు. జెనెటిక్స్ పాఠం వచ్చినప్పుడల్లా ఈ బిట్టు ఇస్తాను. బోర్డు మీద గళ్లు గీసి చూపిస్తాను. ఓ గ్రూపు తండ్రి దగ్గర బిడ్డకు ఇవ్వడానికి ఏ లేదు, బీ లేదు. తల్లి దగ్గర ఏ ఉంది, బీ లేదు. కాబట్టి బిడ్డ ఏ అయినా కావాలి, ఓ అయినా కావాలి. బీ, ఏబీ అని రాసినవాళ్లకు మార్కు. ఇందులో తిరకాసు ఏమీ లేదని నేనూ అనుకునేదాన్ని, పిల్లలూ అనుకునేవాళ్లు.

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఆ బిట్టు మా ఇంటి గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

నా పాత విద్యార్థిని ఒకమ్మాయి. పరకాల వైపు ఒక ఊరికి ఇచ్చారు. ఎనిమిది నెలల బాబును చంకనేసుకుని, వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో మూడు కాగితాలు. భర్తది ఓ పాజిటివ్, తనది ఏ పాజిటివ్, బాబుది బీ పాజిటివ్. బాబుకు జ్వరం తగ్గకపోతే చేయించిన పరీక్షల్లో గ్రూపు కూడా రాసిచ్చారట. అనుమానమొచ్చి ఇంకో ల్యాబులో చేయించారు. మళ్లీ బీ.

"మేడం, నేనేం తప్పు చెయ్యలే. మీరన్నా చెప్పుండ్రి వాళ్లకు," అంది.

ఆ ఇంట్లో ఈ లెక్క తీసింది ఆమె మరిది. అతనూ బైపీసీయే, అతనూ మా కాలేజీయే, అతనూ నా దగ్గరే చదువుకున్నాడు. వాకిట్లో అందరి ముందు కాగితం మీద గళ్లు గీసి అన్నకు చూపించాడట. ఆ కాగితం కూడా ఆ అమ్మాయి తెచ్చింది. గళ్లు సరిగ్గా గీశాడు, నేను నేర్పినట్టే గీశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రక్తం గ్రూపుల పట్టిక పట్టుకుని బిడ్డకు తండ్రెవరో తేల్చకూడదు. ఆ పట్టిక ఒక్క జన్యువును లెక్కలోకి తీసుకుని రాసింది. ఒక జన్యువు ఉన్నా సరే, ఎక్కడో ఉన్న ఇంకో జన్యువు దాన్ని పైకి కనిపించకుండా పూర్తిగా కప్పేయగలదు. ఈ రెండో సంగతిని మేం టీచర్లం "టైముంటే చూద్దాం" అని వదిలేస్తున్నాం. అలా వదిలేసిన పాఠం ఊళ్లో ఒక ఆడపిల్ల మెడకు చుట్టుకుంది.

బహిర్గతం, అంతర్గతం అనే మాటలు పిల్లలకు టెన్త్ నుంచే తెలుసు. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠానీ మొక్కల లెక్కలు అందరూ వల్లె వేసినవే. పొడవు జన్యువు, పొట్టి జన్యువు ఒకే మొక్కలో ఉంటే పొడవు పైకి కనిపిస్తుంది, పొట్టి లోపల ఉండిపోతుంది. ఇది ఒకే జన్యువుకున్న రెండు రూపాల మధ్య జరిగే వ్యవహారం, ఒకే ఇంట్లో అన్నదమ్ముల పంచాయితీ లాంటిది. నేను చెబుతున్నది వేరే ఇంటివాడు వచ్చి ఈ ఇంటికి తాళం వేసే సంగతి. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, బయటికి మాత్రం ఎవరూ రాలేరు. దీన్ని ఎపిస్టాసిస్ అంటారు. మీద నిలబడటం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. విలియం బేట్సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త గత శతాబ్దం మొదట్లో తీపిబఠానీ పూల మీద పనిచేస్తూ, రెండు తెల్లపూల రకాలను కలిపితే ఊదారంగు పూలు పూయడం చూశాడు. రంగు తయారవడానికి రెండు జన్యువులు కావాలి. ఒక మొక్కలో మొదటిది చెడిపోయింది, ఇంకోదాంట్లో రెండోది చెడిపోయింది. పైకి రెండూ తెలుపే, కారణాలు మాత్రం వేరు. పిల్లల్లో ఒకదాని లోటు ఇంకోటి తీర్చింది, రంగు వచ్చేసింది.

మా అమ్మమ్మ వాళ్లది నర్సంపేట దగ్గర ఊరు. నా చిన్నప్పుడు ఎవరో తెల్ల లెగ్‌హార్న్ పెట్టలు రెండు ఇచ్చారు. అవి గుడ్లు బాగా పెడతాయి కానీ పొదగవు. ఆ గుడ్లను నాటుకోడి కింద పెట్టి పొదిగించేది అమ్మమ్మ. ఇంట్లో ఉన్నది ఎర్ర నాటు పుంజు. పుట్టిన పిల్లలన్నీ తెల్లనివే, కొన్నిటి రెక్కల మీద మాత్రం సిరా చిలికినట్టు చిన్న చిన్న నల్ల మచ్చలు. అవి పెరిగి, వాటిలో తెల్ల పుంజుకూ తెల్ల పెట్టలకూ పిల్లలైనప్పుడు చూడాలి, నల్లవీ ఎర్రవీ బయటపడ్డాయి. "పక్కింటోళ్ల పుంజు గోడ దూకింది" అంది అమ్మమ్మ. ఎవరైనా అదే అనుకుంటారు. లెగ్‌హార్న్‌లో తెలుపుకు కారణమైన జన్యువు రంగును అణచిపెడుతుంది. దాని కింద నలుపు జన్యువులు చెక్కుచెదరకుండా ఉంటాయి. అణచే జన్యువు రాని పిల్లలో కింద ఉన్న రంగు బయటికొస్తుంది. పక్కింటి పుంజు ఏ పాపమూ ఎరగదు. కోడి విషయంలో అమ్మమ్మ అన్నది అక్కడితో పోయింది. అదే మాట మనిషి మీద పడితే పోదు.

వరంగల్ పిల్లలకు చెప్పడానికి మిర్చి ఇంకా మంచి ఉదాహరణ. ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్ దారిలో పోతుంటే ముక్కు మండుతుంది. తేజ మిర్చి పక్కన నిలబడితేనే తుమ్ములు. మన చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో కారం పదార్థం తయారవుతుంది. ఎంత తయారవ్వాలో చెప్పే జన్యువులు చాలా ఉన్నాయి. చివరి అతుకు వేసే పని పన్-1 అనే ఒక జన్యువుది. కూరగాయల బండి మీద దొరికే క్యాప్సికంలో ఈ జన్యువు రెండు కాపీల్లోనూ ముక్క ఎగిరిపోయి ఉంటుంది. ఇక మిగతా జన్యువులు ఎంత కారానికి సిద్ధంగా ఉన్నా కాయ చప్పగానే ఉంటుంది. కొరికి చూసి "దీనికి కారం జన్యువులే లేవు" అనడం తప్పు. దాన్ని కారం మిర్చితో కలిపితే, అది లోపల దాచుకున్నది ఏమిటో పిల్ల మొక్కల్లో తెలుస్తుంది.

ఇప్పుడు రక్తం దగ్గరికి వస్తాను.

గ్రూపు అంటే ఎర్ర రక్తకణం మీద అంటుకుని ఉండే చక్కెరల తేడా. మొదట ఒక ఆధారం ఉంటుంది. దానికి ఫ్యూకోజ్ అనే చక్కెరను కలిపితే హెచ్ అనే పదార్థం తయారవుతుంది. ఈ పని చేసే జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంది. ఏ, బీ జన్యువులు 9వ క్రోమోజోము మీద ఉన్నాయి. ఇవి హెచ్ మీదనే తమ చక్కెరను చేరుస్తాయి. ఏ జన్యువు ఒక రకం, బీ జన్యువు ఇంకో రకం. ఏ, బీ రెండూ లేకపోతే హెచ్ అలాగే మిగులుతుంది, దాన్నే ఓ గ్రూపు అంటున్నాం.

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లను చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పడుగు (నిలువు దారాలు) సాపితేనే పేక (అడ్డ దారం) పడుతుంది. పక్కన ఎర్ర నూలు ఉందా, నీలం నూలు ఉందా అన్నది తర్వాతి మాట. పడుగే లేకపోతే ఎర్ర నూలూ నీలం నూలూ కుప్పగా పడి ఉండాల్సిందే. హెచ్ పడుగు. ఏ, బీ రంగుల పేక. హెచ్ జన్యువు రెండు కాపీలూ చెడిపోయినవాళ్లలో పడుగు లేదు. వాళ్ల దగ్గర ఏ జన్యువు ఉండొచ్చు, బీ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. కణం మీద ఏదీ కనిపించదు. పలక మీద రెండు చుక్కల మందు వేసి చూసే మామూలు పరీక్షలో వీళ్లంతా ఓ గ్రూపుగానే తేలతారు.

ఈ రక్తాన్ని మొదట గుర్తించింది మన దేశంలోనే. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో దొరికిన ఈ కొత్త రకం గురించి ద లాన్సెట్ పత్రికలో రాశారు. అందుకే ప్రపంచమంతా దీన్ని బాంబే గ్రూపు అంటుంది. మన దేశంలో సుమారు 10,000 మందికి ఒకరు, యూరప్‌లో 10 లక్షల మందికి ఒకరు ఉంటారని లెక్క.

తర్వాత 1955లో అమెరికాలో ఫిలిప్ లెవిన్ బృందం ఒక కుటుంబం గురించి రాసింది. ఓ గ్రూపుగా కనిపించిన ఒక స్త్రీ తన కూతురికి బీ జన్యువును ఇచ్చింది. ఒక జన్యువు ఇంకో జన్యువును అణచిపెట్టిందని వాళ్లు తేల్చారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒకటే తడుతుంది. ఆ ఇంట్లో గ్రూపు కలవనిది తల్లితో. కన్నతల్లిని "ఈ బిడ్డ నీకెలా పుట్టింది" అని ఎవరూ అడగరు కదా. కాబట్టి తప్పు లెక్కలో ఉండాలని వెతికారు, వెతికితే విజ్ఞానం దొరికింది. అదే లోపం తండ్రిలో ఉంటే? పరకాల దగ్గరి ఆ ఇంట్లో లెక్కను ఎవరూ అనుమానించలేదు. నేరుగా కోడలినే అనుమానించారు.

భర్తను ఒప్పించడానికి పది రోజులు పట్టింది. "నా రక్తం ఎందుకు? నాది ఓ అని లైసెన్సు మీదనే ఉంది" అని అతని వాదన. చివరికి వచ్చాడు. నాకు తెలిసిన ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ పక్కనే నిలబడి చూడనిచ్చారు. మామూలు పరీక్షలో కణాలు ఏ మందుకూ, బీ మందుకూ గడ్డకట్టలేదు. ఇక్కడితో ఆపితే ఓ. అతని గ్రూపు ముందు రాసిచ్చిన ల్యాబు ఇక్కడితోనే ఆపింది. ఆ తర్వాత తిరగేసిన పరీక్ష. అతని రక్తం నుంచి సీరం, అంటే కణాలు లేని ద్రవం తీసి, తెలిసిన గ్రూపుల కణాలతో కలపాలి. ఓ గ్రూపు మనిషి సీరం ఏ, బీ గ్రూపుల కణాలను గడ్డకట్టిస్తుంది, ఓ గ్రూపు కణాల జోలికి పోదు. టెక్నీషియన్ మూడో ట్యూబును సెంట్రిఫ్యూజ్ నుంచి తీసి వెలుతురుకు పెట్టి మెల్లగా వంచాడు. అడుగున ఉన్న ఎర్రటి బొట్టు పొగలా లేవాలి. లేవలేదు. మిరపగింజంత గడ్డగా ఊడి, అలాగే జారింది. అది ఓ గ్రూపు కణాల ట్యూబు. అతను ఏమీ మాట్లాడకుండా ఇంకో ట్యూబు తీసుకుని మొదటి నుంచి చేశాడు. మళ్లీ అదే గడ్డ.

చివరిగా హెచ్ పరీక్ష. దీనికి వాడేది ఒక ముళ్లపొద గింజల నుంచి తీసిన ద్రవం, అది హెచ్‌ను పట్టుకుంటుంది. (ఏ గ్రూపులో ఉపరకాలు తేల్చడానికి మన ఉలవల నుంచి తీసిన ద్రవం వాడతారు. ఉలవచారు తాగే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?) పోలిక కోసం మామూలు ఓ గ్రూపు రక్తాన్ని ఒక ట్యూబులో, ఇతని రక్తాన్ని ఇంకోదాంట్లో వేశారు. మొదటిది గడ్డకట్టింది. ఇతనిది పాలలా కదిలింది. హెచ్ లేదు. బాంబే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. అతనిది బాంబే గ్రూపు అని తేలినంత మాత్రాన అతనే తండ్రి అని రుజువైనట్టు కాదు. అతని లోపల బీ జన్యువు ఉందో లేదో ఆ ట్యూబులు చెప్పవు. అవి చెప్పిందల్లా "ఈ మనిషి బీ గ్రూపు బిడ్డకు తండ్రి కాలేడు" అన్న మాటకు ఆధారం లేదని. ఆ అమ్మాయి మీద ఉన్న నిందకు ఆ కాగితం తప్ప ఇంకే ఆధారమూ లేదు. కాగితం పోయింది, నిందా పోవాలి. పైగా అత్తమ్మది బీ గ్రూపు, కొడుక్కి ఆమె నుంచి బీ వచ్చి ఉండటానికి ఏ అడ్డూ లేదు. బాబుకు తల్లి నుంచి మంచి హెచ్ జన్యువు అందింది, పడుగు దొరికింది, ఇన్నాళ్లూ దాగి ఉన్న పేక రంగు పైకొచ్చి ఉంటుంది.

చెడిన హెచ్ కాపీలు రెండూ అతనికి ఎక్కడినుంచి వచ్చాయి? ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. అత్తమ్మను ఇచ్చింది సొంత మేనమామకే. మేనమామ, మేనకోడళ్లకు పుట్టిన బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. బావామరదళ్ల పిల్లల్లో 16లో 1. మేనరికం చేసుకున్నవాళ్లను నిందించడానికి ఇది రాయడం లేదు, మా ఇంట్లోనూ మేనరికాలున్నాయి. తెలుగు ఇళ్లలో ఇలా దాగిన జన్యువులు జంటగా కలిసే అవకాశం ఎక్కువని, కాబట్టి ఈ పాఠం ఇంకెక్కడికన్నా ఇక్కడే ఎక్కువ అవసరమని చెప్పడానికి రాస్తున్నాను. ఇదంతా విని అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇది మా ఇంట్ల నుంచే వచ్చిందా బిడ్డా?" అని అడిగింది. కోడలినే అడిగింది, నన్ను కాదు.

10,000 మందికి ఒకరి కోసం ఇంత పాఠం ఎందుకని స్టాఫ్ రూములోనే ఒకరు నన్ను అడిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఉన్నది మూడున్నర కోట్ల మంది. అదే సగటు పట్టుకుంటే 3,500 మంది. అందులో చాలామంది జేబుల్లో ఓ అని రాసిన కార్డు ఉంటుంది. వీళ్ల సీరంలో హెచ్‌ను ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ఆ కణాలు ఒంట్లోనే పగిలిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. వీళ్లకు బాంబే రక్తమే ఎక్కించాలి. కాబట్టి ఈ విషయం కాపురాలతో పాటు ప్రాణాలకూ సంబంధించింది. క్రాస్ మ్యాచింగ్ (ఎక్కించబోయే రక్తాన్ని రోగి రక్తంతో ముందే కలిపి చూడటం) సరిగ్గా చేస్తే ప్రమాదం ముందే దొరుకుతుంది, నిజమే. ఆ దొరికే వేళకు మనిషి యాక్సిడెంట్ అయి స్ట్రెచర్ మీద ఉంటాడు. ఆ టెన్షన్‌లో బాంబే రక్తం ఎక్కడని వెతుకుతారు?

ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: ఇలా చెబితే నిజంగా తప్పు చేసినవాళ్లు దీన్ని అడ్డం పెట్టుకోరా? ఈ ప్రశ్న వింటే నాకు కోపం వస్తుంది. తండ్రెవరో తేల్చాల్సిన అవసరమే వస్తే డీఎన్ఏ పరీక్ష ఉంది. దాన్ని కూడా అడగ్గానే చేయించరు. 1993లో గౌతమ్ కుండు కేసులో సుప్రీంకోర్టు, తండ్రిని తేల్చడానికి రక్తపరీక్షలను మామూలు విషయంగా ఆదేశించకూడదని చెప్పింది. బిడ్డ మీద, తల్లి మీద పడే మచ్చ గురించి ఆలోచించాలని చెప్పింది. దేశంలో అందరికన్నా పై కోర్టు అంత తటపటాయించే చోట, ఇంటర్ నోట్సు పట్టుకుని వాకిట్లో తీర్పు చెప్పేస్తామా?

గ్రూపులు కలవకపోతే మొదట అనుమానించాల్సింది పరీక్షను. బాంబే కన్నా మామూలు పొరపాట్లే ఎక్కువ. శాంపిళ్లు తారుమారవుతాయి, పేరు తప్పు పడుతుంది. కొందరిలో ఏ, బీ చాలా బలహీనంగా ఉండి చుక్కల పరీక్షకు దొరకవు. పుట్టిన కొన్ని నెలల వరకు పిల్లల ఒంట్లో సొంత యాంటీబాడీలు సరిగా తయారవవు, కాబట్టి వాళ్లకు తిరగేసిన పరీక్ష పనికిరాదు. అమ్మానాన్నలకు మాత్రం బ్లడ్ బ్యాంకులో రెండు వైపులా పరీక్ష చేయించండి. ఓ అని తేలితే హెచ్ కూడా చూడమని అడగండి. బాంబే అని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చేయించాలి. అమ్మానాన్నల దగ్గర చెరొక చెడిన కాపీ ఉంటే ఒక్కొక్కరికి నాలుగోవంతు అవకాశం ఉంటుంది. అవసరమైన రోజున ఒకరికొకరు రక్తం ఇచ్చుకోగలిగేది వాళ్లే.

మరిది ఒక్కడే వచ్చాడు, ఎవరూ పంపకుండానే. తలొంచుకుని కూర్చుని చెయ్యి చాపాడు. అతనిది మామూలు బీ. "మేడం, ఆ రోజు గళ్లు ఎక్కడ తప్పు పోయినయ్?" అని అడిగాడు. తప్పు పోలేదని, నేను నేర్పిన పాఠంలోనే ఒక వరుస లేదని చెప్పాను. వదినకు ఏం చెప్పుకుంటాడో అది అతను చూసుకోవాలి.

ఈ ఏడాది అదే బిట్టు మార్చి ఇచ్చాను. "ఇద్దరిలోనూ హెచ్ జన్యువు మామూలుగా ఉంటే" అని ముందు చేర్చాను. ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి రెండు క్లాసులు పట్టాయి. సిలబస్ వెనకబడుతోందని ప్రిన్సిపాల్ సార్ అడిగారు, ఆదివారం ఇంకో క్లాసు పెట్టుకుంటానన్నాను.

ఆ అబ్బాయి బండి లైసెన్సు మీద ఇప్పటికీ ఓ పాజిటివ్ అనే ఉంది. మార్పించే లోపు ఏదైనా జరిగితే ఎలా అని, ఆ అమ్మాయే ఎర్ర స్కెచ్ పెన్నుతో "బాంబే గ్రూపు, ఓ రక్తం ఎక్కించొద్దు" అని రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి, లామినేషన్ చేయించి భర్త పర్సులో పెట్టింది.